చెక్కలో మిగిలిన నూనె: ముసలి చమురు బావులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత చమురు క్షేత్రాల్లో మిగిలిపోయిన ముడిచమురును బయటికి తెచ్చే కొత్త పద్ధతులను ప్రభుత్వ సాయంతో ముందు చిన్న స్థలంలో పరీక్షించి చూస్తారని, వాటిని క్షేత్ర ప్రదర్శనలంటారని కిందటి సంచికలో ఒక చిన్న వార్త వేశాం. చమురు బావే లేని మన జిల్లాల నుంచి దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: లోపల చమురు ఉందంటారు, బావి ముసలిదైందనీ అంటారు. ఉన్నది తోడుకోవచ్చు కదా?
(డిగ్రీ విద్యార్థి, ఆదోని)

జవాబు: ఆదోనిలో ఉంటున్నారు కాబట్టి నూనె మిల్లుతోనే మొదలుపెడదాం. వేరుశనగ పప్పును ఎక్స్‌పెల్లర్‌లో ఎంత బిగించి తిప్పినా చెక్కలో ఆరేడు శాతం నూనె మిగులుతుంది. ఇంకా బిగిస్తే మరలు అరుగుతాయే కానీ నూనె రాదు. ఆ చెక్కను సాల్వెంట్ ప్లాంటుకు పంపి హెక్సేన్ అనే ద్రావకంతో కడిగితే మిగిలేది ఒక శాతం లోపే. చమురు క్షేత్రంలో జరిగేదీ దాదాపు ఇదే.

చమురు భూమి లోపల చెరువులా నిలబడి ఉండదు. రిజర్వాయర్ అనగానే మనకు శ్రీశైలం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాటకు అర్థం రాయి. ఇసుకరాయి పరిమాణంలో 15 నుంచి 25 శాతం దాకా సన్నని ఖాళీలుంటాయి, చమురు వాటిలో ఉంటుంది. మొదట్లో లోపలి ఒత్తిడే దాన్ని పైకి తోస్తుంది. ఆ ఊపు తగ్గేసరికి బయటికి వచ్చేది చాలా చోట్ల ఉన్నదాంట్లో పదో వంతు. తర్వాత పక్క బావుల్లోంచి నీళ్లు పంపి చమురును నెడతారు. దాంతో మొత్తం 20 నుంచి 40 శాతం వరకు చేరుతుంది. మిగతాది రాయిలోనే ఉండిపోతుంది.

ఉండిపోవడానికి కారణాలు రెండు. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది వీటిని బట్టే ఉంటుంది కాబట్టి రెండింటినీ వేరుగా చూడాలి. మొదటిది: నీళ్లు సులువు దారి వెతుక్కుంటాయి. చమురు చిక్కగా, నీరు పలచగా ఉంటే నీరు వేళ్లలా చీలి ముందుకు దూకుతుంది, పక్కనున్న రాయిని తాకనే తాకదు. రెండోది: నీరు పోయిన దారిలో కూడా చమురు చిన్న చిన్న బొట్లుగా రంధ్రాల మెడల దగ్గర ఇరుక్కుపోతుంది. చమురుకూ నీటికీ మధ్య తలతన్యత (రెండూ కలవకుండా బిగించే బలం) మీటరుకు 20, 30 మిల్లీన్యూటన్లు ఉన్నంతకాలం ఆ బొట్టు సాగదు, మెడ దాటదు. సబ్బులాంటి సర్ఫాక్టెంట్‌తో దాన్ని 0.001 దగ్గరికి దించితేనే కదులుతుంది. మొదటి జబ్బుకు మందు నీటిని చిక్కబరిచే పాలిమర్. రెండోదానికి సర్ఫాక్టెంట్ గానీ, చమురులో కలిసిపోయే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గానీ కావాలి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే డబ్బు పోవడం తప్ప ఇంకేం ఉండదు.

ప్రశ్న: చమురు కంపెనీలకు డబ్బు తక్కువా? ప్రభుత్వం ఎందుకు పెట్టాలి?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు)

జవాబు: న్యాయమైన అనుమానమే. పెద్ద కంపెనీ కొత్త క్షేత్రం వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. పాత క్షేత్రం చిన్న ఆపరేటర్ చేతికి వస్తుంది. అతనికి ప్రయోగశాల ఉండదు, ఒక ప్రయోగం తప్పితే తట్టుకునే శక్తి ఉండదు. చమురు ధర పడిపోతే బావిని సిమెంటుతో మూసి పోతాడు. మూసిన బావి కిందున్న చమురు కోసం మళ్లీ కొత్త బావి తవ్వడం లెక్కకు నిలవదు. కాబట్టి అది పోయినట్టే.

అమెరికా ఇంధన శాఖ 1992లో మొదలుపెట్టిన కార్యక్రమం ఈ చిక్కుకు పుట్టిన జవాబు. దేశంలోని చమురు పొరలను అవి ఏర్పడిన తీరును బట్టి తరగతులు చేశారు. మొదటి తరగతి నదులు డెల్టాల్లో పేర్చిన ఇసుకరాళ్లు, రెండోది లోతు తక్కువ సముద్రంలో ఏర్పడిన సున్నపురాళ్లు, మూడోది సముద్రపు వాలులోనూ అడుగునా చేరిన ఇసుకమేటలు. ఒక్కో తరగతిలో కొన్ని క్షేత్రాలను ఎంపిక చేసి ఖర్చు పంచుకున్నారు, ప్రభుత్వ వాటా సగం వరకు. ఒకే తీరులో ఏర్పడిన రాయిలో ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొస్తుందన్నది ఈ వర్గీకరణ వెనకున్న ఆలోచన. అందుకే సాయానికి ఒక షరతు కట్టారు: గెలిచినా ఓడినా కొలతలన్నీ నివేదికగా బయటపెట్టాలి. ప్రభుత్వం కొనుక్కున్నది చమురు కాదు, ఆ నివేదిక. ఓడిపోయిన ప్రయోగం నివేదిక కూడా పక్క కౌంటీలోని ఆపరేటర్‌కు అదే తప్పు తప్పిస్తుంది.

మన దేశంలో దారి వేరు. 2018 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విధానం నేరుగా గ్రాంటు ఇవ్వదు. ప్రతి క్షేత్రాన్నీ ప్రభుత్వం గుర్తించిన సంస్థలు పరిశీలించి ఏ పద్ధతి సరిపోతుందో తేల్చాలి. ఆ పద్ధతిని వాణిజ్య స్థాయిలో అమలు చేసే ముందు పైలట్, అంటే చిన్న స్థలంలో చేసి చూసే ప్రయోగం, తప్పనిసరి. ఆ తర్వాత అదనంగా వచ్చిన ఉత్పత్తి మీద మాత్రమే సెస్సు, రాయల్టీలో కొంత మినహాయింపు. వెలికితీత 5 శాతం పెరిగితే ఇరవై ఏళ్లలో 12 కోట్ల టన్నుల అదనపు చమురు వస్తుందని అప్పట్లో ప్రభుత్వం అంచనా వేసింది. మా అభిప్రాయం అడిగితే, పన్ను మినహాయింపు గెలిచినవాడికే దక్కుతుంది. ప్రయోగం చేసి ఓడిన చిన్న ఆపరేటర్‌కు అందులో ఏమీ లేదు. ఆ ఒక్క చోట అమెరికా పద్ధతి మెరుగు.

ప్రశ్న: పాలిమర్ అంటే ప్లాస్టిక్ కదా, బావిలోకి ఎలా పంపుతారు? పంపు పట్టేయదా?
(బోరు మోటార్ల మెకానిక్, అనంతపురం)

జవాబు: వాడేది నీళ్లలో కరిగే పాలిఅక్రిలమైడ్ పొడి. చూడటానికి చక్కెర రవ్వలా తెల్లగా ఉంటుంది. 25 కిలోల బస్తాల్లోనూ, 750 కిలోల జంబో సంచుల్లోనూ వస్తుంది. చెమ్మ తగిలితే గడ్డకడుతుంది కాబట్టి గోదాము పొడిగా ఉండాలి.

కలపడం దగ్గరే చాలా ప్రయోగాలు చెడతాయి. సంగటి చేసేటప్పుడు పిండి అంతా ఒక్కసారి వేస్తే ఏమవుతుంది? పైన జిగురు, లోపల పొడిపిండి, ఉండ. ఇక్కడా అంతే. చమురు క్షేత్రాల్లో ఆ ఉండలను చేపకళ్లు అంటారు. అవి ఇంజెక్షన్ బావి (ద్రావణాన్ని లోపలికి పంపే బావి) అడుగున రాతి ముఖం మీద పేరుకుని దారి మూసేస్తాయి. అందుకని పొడిని ఎడక్టర్ గుండా, అంటే నీటి వేగంతో పొడిని లాక్కునే గొట్టం గుండా, ప్రతి రవ్వ విడివిడిగా తడిసేలా వదులుతారు. ముందు 0.5 నుంచి 1 శాతం చిక్కదనంతో తల్లి ద్రావణం తయారవుతుంది. దాన్ని గంటా రెండు గంటలు మెల్లగా తిరిగే ఆకులున్న ట్యాంకులో నానబెడతారు. గొలుసుల్లాంటి పొడవాటి పాలిమర్ అణువులు పూర్తిగా విచ్చుకున్నాక ఇంజెక్షన్ నీటితో పలచన చేసి 1000 నుంచి 2000 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లకు) దించి పంపుతారు. ట్యాంకుల పైన గాలి బదులు నైట్రోజన్ నింపుతారు. నీళ్లలో ఇనుము ఉండి ఆక్సిజన్ తగిలిందంటే పాలిమర్ గొలుసులు తెగిపోతాయి, చిక్కదనం గంటల్లో పడిపోతుంది. ఆక్సిజన్ బిలియన్‌కు పదుల పాళ్లలోపే ఉండాలి. ఆ కొలత తీసే చిన్న పరికరం ఖర్చు చూసి వదిలేసిన చోట బస్తాల కొద్దీ పొడి వృథా అయింది.

పంపు సంగతి. మీరు రోజూ చూసే సబ్‌మెర్సిబుల్, అంటే ఇంపెల్లర్లు వేగంగా తిరిగే రకం, ఇక్కడ పనికిరాదు. అది పాలిమర్‌ను నరికేస్తుంది. పిస్టన్ కొట్టే ట్రిప్లెక్స్ పంపులు వాడతారు. నాలుగు బావులకు ఒకే పంపు పెట్టి వాల్వు బిగించి పంచుదామంటే, ఆ ఇరుకు వాల్వు కూడా నరుకుతుంది. అందుకని బావికొక పంపు పెట్టడమో, పొడవాటి చుట్టగొట్టంలో ఒత్తిడిని మెల్లగా తగ్గించడమో చేస్తారు. కేసింగుకు పెట్టిన చిల్లులు తక్కువైనా, సన్నవైనా చివరి అడుగులో మళ్లీ అదే దెబ్బ.

రోజూ చేయాల్సిన పరీక్ష ఒకటుంది. 5 మైక్రాన్ల ఫిల్టరు మీద 2 బార్ ఒత్తిడితో (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ద్రావణం వదిలి, 100 నుంచి 200 మిల్లీలీటర్లు దిగడానికి పట్టిన సమయం, 200 నుంచి 300 దిగడానికి పట్టిన సమయం రాసుకుంటారు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.2 దాటకూడదు. దాటితే ఉండలున్నాయని అర్థం, ఆ ట్యాంకు బావిలోకి వెళ్లకూడదు.

ఉప్పు, వేడి కూడా చూడాలి. కాల్షియం ఎక్కువున్న నీటిలో, 75 డిగ్రీలు దాటిన పొరలో మామూలు రకం కొన్ని నెలల్లో విరిగి తెల్లగా దిగిపోతుంది. అలాంటి చోట సల్ఫోనేట్ గుంపులున్న ఖరీదైన రకాలు కావాలి. రాజస్థాన్ బార్మేర్‌లోని మంగళ క్షేత్రంలో పొర వేడి 65 డిగ్రీల దరిదాపుల్లో ఉండటం పాలిమర్‌కు కలిసొచ్చింది. అక్కడ 2009లో ఉత్పత్తి మొదలైంది, పైలట్ చేసి చూశాకే క్షేత్రమంతటికీ పాలిమర్ తీసుకెళ్లారు.

ప్రశ్న: తాడిపత్రి నుంచి కడప దాకా సిమెంటు ఫ్యాక్టరీలే. ఆ పొగలోని వాయువును చమురు బావులకు పంపకూడదా?
(తాడిపత్రి, కమలాపురం, ఎర్రగుంట్ల పాఠకులు)

జవాబు: వాయువుకు కొదవ లేదు. స్వచ్ఛమైన సున్నపురాయి టన్ను కాలిస్తే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు రాయిలోంచే వస్తుంది, బొగ్గు మంటది దానికి అదనం. అయితే చిమ్నీ పొగలో అది ఐదో వంతు అటూ ఇటూ ఉంటుంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం లాంటి చోట ఇంకా తక్కువ, 12 నుంచి 14 శాతం. మిగిలింది దాదాపు నైట్రోజనే. నైట్రోజన్ కలిసిన వాయువు చమురులో సరిగా కలవదు కాబట్టి ముందు బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే అమైన్ ద్రావణంతో వడకట్టాలి, చుక్క తేమ లేకుండా ఆరబెట్టాలి, వంద బార్‌లకు పైగా కుదించాలి. తేమ మిగిలితే కార్బోనిక్ ఆమ్లం తయారై ఉక్కు గొట్టాన్ని లోపలినుంచి తినేస్తుంది.

బావిలో అది పనిచేసే తీరు సాల్వెంట్ ప్లాంటుదే. 31 డిగ్రీలు, 74 బార్ దాటాక ఆ వాయువు ద్రవంలా బరువెక్కి చమురులో కలుస్తుంది, చమురు ఉబ్బి పలచబడుతుంది. సాధారణంగా 800 మీటర్లకన్నా లోతైన పొరలే దీనికి పనికొస్తాయి. పూర్తిగా కలవడానికి ఎంత ఒత్తిడి కావాలో ప్రతి చమురుకూ విడిగా కొలవాలి. ఇసుక కూరిన పదిపదిహేను మీటర్ల సన్నని చుట్టగొట్టంలో చమురు నింపి, రకరకాల ఒత్తిళ్ల దగ్గర వాయువు పంపి, ఎక్కడ 90 శాతం దాటి చమురు వస్తుందో చూస్తారు. ఆ ఒత్తిడి రాయి పగిలే ఒత్తిడికన్నా ఎక్కువైతే ఆ క్షేత్రం దీనికి పనికిరాదు, అక్కడితో ఆపేయాలి.

ఇక మన ప్రాంతానికి వస్తే, దగ్గరి చమురు బావులు గోదావరి డెల్టాలో ఉన్నాయి, మధ్యలో వందల కిలోమీటర్ల గొట్టం కావాలి. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఎక్కువ క్షేత్రాలు గ్యాస్‌వే. కాబట్టి ఇప్పటికిది లెక్కకు కుదరదు. టెక్సాస్‌లో పెట్రా నోవా అనే ప్రాజెక్టుకు అమెరికా ప్రభుత్వం 19 కోట్ల డాలర్ల దాకా ఇచ్చింది. బొగ్గు విద్యుత్ కేంద్రంలో 240 మెగావాట్లకు సరిపడా పొగను శుద్ధిచేసి, వచ్చిన వాయువును 130 కిలోమీటర్ల గొట్టంలో వెస్ట్ రాంచ్ అనే పాత క్షేత్రానికి పంపారు. 2017లో మొదలైంది. 2020లో చమురు ధర కుప్పకూలగానే ఆపేశారు, 2023లో మళ్లీ తెరిచారు.

చిన్నగా చేసి చూడటానికి గొట్టమే అక్కర్లేదు. కాన్సస్ రాష్ట్రం రసెల్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వాయువును ట్యాంకర్లలో తెచ్చి 2003 చివరలో పైలట్ నడిపారు. ఇథనాల్ పులియబెట్టినప్పుడు వచ్చే వాయువు దాదాపు స్వచ్ఛం కాబట్టి వడకట్టే ఖర్చు తప్పింది.

ప్రశ్న: మంగంపేట ముగ్గురాయి చమురు బావులకు పోతుందంటారు. దేనికి?
(కడప)

జవాబు: బరువు కోసం. బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు, నీరు పైకి తన్నకుండా బురద ద్రవంతో అదిమిపెట్టాలి. ముగ్గురాయి, అంటే బెరైటీస్, నీటికన్నా 4.2 రెట్లు బరువు. మెత్తగా దంచి జల్లిస్తారు. 75 మైక్రాన్ల జల్లెడ మీద 3 శాతానికి మించి మిగలకూడదు. లెక్క సులువు: 1.05 సాంద్రత ఉన్న ఒక ఘనపు మీటరు బురదను 1.5కు పెంచాలంటే 700 కిలోల పొడి కలపాలి. పాత క్షేత్రంలో ప్రదర్శనకు కొత్త ఇంజెక్షన్ బావులు తవ్వినా ఇది కావాల్సిందే.

ఇదే రాయి తర్వాత శత్రువవుతుంది. ఇది చాలామందికి తెలియని సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 2700 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉంటుంది. కొన్ని పొరల్లోని నీటిలో బేరియం ఉంటుంది. చమురును నెట్టడానికి సముద్రపు నీళ్లు పంపితే రెండూ ఉత్పత్తి బావి దగ్గర కలిసి బేరియం సల్ఫేటు, అంటే అచ్చంగా ముగ్గురాయే, గొట్టం లోపల పెరుగుతుంది. రేడియం కూడా అందులో చేరి కొద్దిపాటి రేడియోధార్మికత వస్తుంది కాబట్టి గీకిన పొక్కులను ఎక్కడపడితే అక్కడ పారేయడానికి వీల్లేదు.

డ్రిప్ పైపుల్లో తెల్లగా పేరుకున్న సున్నాన్ని మన రైతులు యాసిడ్ పంపి కరిగిస్తారు. చమురు గొట్టంలో కాల్షియం కార్బొనేటు పేరుకుంటే అదే మందు పనిచేస్తుంది. ముగ్గురాయి మీద యాసిడ్ పనిచేయదు. డీటీపీఏ లాంటి, లోహాన్ని పట్టుకుని కరిగించే కీలేటింగ్ రసాయనాన్ని వేడిగా, గంటల తరబడి నానబెట్టాలి. అప్పటికీ కదలకపోతే బిట్టుతో తొలచాలి. అందుకే ముందే పంపే నీళ్లూ, పొరలోని నీళ్లూ సీసాలో కలిపి చూడాలి. తెలుపు దిగితే నానోఫిల్టర్‌తో సల్ఫేటు తీసేయడమో, పొక్కు కట్టనీయని ఫాస్ఫోనేటు నిరోధకం కొద్ది పీపీఎంలు వాడటమో మొదటిరోజు నుంచే మొదలుకావాలి. సీసా పరీక్షకు ఒక పూట చాలు. అది చేయక బావి మూతపడితే పోయేది నెలలు.

ప్రశ్న: పైలట్ గెలిచిందో లేదో ఎలా తేలుస్తారు? కంపెనీవాళ్లు చెప్పిందే నమ్మాలా?
(ఛార్టర్డ్ అకౌంటెన్సీ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: మీ చదువుకు తగిన ప్రశ్న, కాబట్టి అంకెలతోనే చెబుతాం. ఇవి లెక్క కోసం తీసుకున్నవి, ఏ క్షేత్రానివీ కావు.

పైలట్‌కు తరచుగా ఎంచుకునే అమరిక ముగ్గులో నాలుగు మూలల చుక్కలు, మధ్యలో ఒకటి. మూలల్లో ఇంజెక్షన్ బావులు, నడుమ ఉత్పత్తి బావి. విస్తీర్ణం 10 ఎకరాలు, పొర మందం 6 మీటర్లు, ఖాళీలు 20 శాతం అనుకుంటే రంధ్రాల మొత్తం పరిమాణం సుమారు 48,560 ఘనపు మీటర్లు. నీళ్లు పంపడం అయ్యాక ఆ రంధ్రాల పరిమాణంలో సగటున 45 శాతం చమురు మిగిలిందనుకుందాం. ఆ 45లో 30 రంధ్రాల మెడల్లో చిక్కినది, పాలిమర్‌కు లొంగదు. లొంగేది మిగతా 15 శాతం, అంటే 7,280 ఘనపు మీటర్లు. దానిలో సగం కదిలితే 3,640. పైకి వచ్చేసరికి గ్యాసు విడిపోయి చమురు కుదించుకుపోతుంది, 1.1తో భాగిస్తే 3,310 ఘనపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర 20,800 పీపాలు. పీపా అంటే 159 లీటర్లు.

ఖర్చు వైపు చూస్తే, రంధ్రాల పరిమాణంలో 0.4 వంతు ద్రావణం, 1500 పీపీఎం చొప్పున, 29 టన్నుల పొడి. పీపాకు 1.4 కిలోలు. రోజుకు 60 ఘనపు మీటర్లు పంపితే 324 రోజులు పడుతుంది. పొడి ధర, చమురు ధర మీరే వేసి చూడండి. మధ్యలో ఉండలు కట్టి పంపింగ్ సగానికి పడిపోతే రోజులు రెట్టింపు, కూలీ, కరెంటు కూడా రెట్టింపు. చాలా ప్రయోగాల నష్టం రసాయనంలో కాదు, ఈ ఆలస్యంలో ఉంటుంది.

ఇప్పుడు మోసం ఎక్కడ దూరుతుందో చూద్దాం. బావి రోజుకు 20 పీపాలు ఇస్తూ ఏడాదికి 10 శాతం తగ్గుతోంది. ఏమీ చేయకపోయినా రెండేళ్ల తర్వాత 16.2 ఇస్తుంది. ప్రయోగం వల్ల 30 వచ్చిందంటే లాభం 30 కాదు, 10 కూడా కాదు, 13.8. ఆ తగ్గుదల గీత ప్రయోగానికి ముందే గీసి సంతకం పెట్టి ఉండాలి. తర్వాత గీస్తే ఎంత కిందికి కావాలంటే అంత కిందికి వంగుతుంది. రెండో చోటు: ప్రయోగం మొదలుపెట్టిన నెలలోనే పంపు మార్చి, గొట్టం శుభ్రం చేసి, వచ్చిన పెరుగుదలంతా పాలిమర్ ఖాతాలో వేయడం. కనీసం ఆరునెలల ముందు నుంచి బావిని ముట్టుకోకుండా ఉంచితేనే అంకె నమ్మదగ్గది. మూడోది: పైలట్ హద్దు బయటి చమురు లోపలికి వచ్చినా, లోపలిది బయటికి జారినా లెక్క మారుతుంది. ఇంజెక్షన్ నీటిలో బావికొక రకం ట్రేసర్ (నీటి జాడ చెప్పే రసాయనం) కలిపి, ఏది ఏ బావిలో ఎన్నాళ్లకు తేలిందో చూస్తే ఈ సంగతి బయటపడుతుంది.

ఒక్క బావిలోనే మిగిలిన చమురు కొలిచే పద్ధతి కూడా ఉంది. ఇథైల్ అసిటేట్ కలిపిన నీటిని బావిలోకి పంపి కొన్ని రోజులు మూసి ఉంచుతారు. అందులో కొంత లోపలే విడిపోయి ఇథనాల్ అవుతుంది. ఇథైల్ అసిటేట్ చమురును అంటిపెట్టుకుని వెనకబడుతుంది, ఇథనాల్ నీటితోపాటు ముందే వచ్చేస్తుంది. తిరిగి తోడినప్పుడు ఆ రెండింటి మధ్య ఎడమెంతో చూస్తే మిగిలిన చమురు శాతం తెలుస్తుంది. ప్రయోగానికి ముందొకసారి, తర్వాతొకసారి చేస్తే ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

ప్రశ్న: మా నాపరాయిలో పగుళ్లుంటాయి. చమురు రాయిలోనూ ఉంటే నీళ్లు అందులోంచే పోవా?
(పాలిషింగ్ యూనిట్ యజమాని, బేతంచెర్ల)

జవాబు: పోతాయి. సున్నపురాయిలో నీరు దారి చేసుకుంటే ఏమవుతుందో బేలం గుహల్లో చూసే ఉంటారు. పగుళ్లున్న పొరలో ఇంజెక్షన్ బావిలో పోసిన నీరు వారంలోపే ఉత్పత్తి బావిలో తేలుతుంది, మధ్యలో రాయి దిమ్మెల్లోని చమురు కదలదు. టెక్సాస్‌లోని స్ప్రాబెర్రీ పొర దీనికి పేరుమోసిన ఉదాహరణ. అది సున్నపురాయి కాదు, సన్న ఇసుకా ఒండ్రూ గట్టిపడిన రాయి, నిలువు పగుళ్లు ఎక్కువ. ఎంత విస్తారమైన క్షేత్రమో అంత మొండిది, 15 శాతం కూడా తీయలేకపోయారు. ఇంధన శాఖ మూడో తరగతి ప్రదర్శనల్లో దాన్నీ చేర్చి పగుళ్ల దిశ, దిమ్మెల్లోకి నీరు ఇంకే వేగం కొలిపించింది.

చేసే పని మీ గనిలో చేసేదే: ముందు పగులు ఏ దిక్కుకు పోతోందో చూసుకోవాలి. ఆ దిక్కున ఇంజెక్షన్ బావినీ ఉత్పత్తి బావినీ ఎదురెదురుగా పెట్టకూడదు. ఒకే పగులు గీత మీద ఇంజెక్షన్ బావులను వరుసగా పెట్టి, ఉత్పత్తి బావులను పక్క వరుసకు జరపాలి. అప్పటికే తప్పుగా తవ్వి ఉంటే పాలిఅక్రిలమైడ్‌కు క్రోమియం అసిటేట్ కలిపి పగుళ్లలోకి పంపుతారు. అది లోపల జెల్లీలా గడ్డకట్టి పెద్ద దారి మూస్తుంది. గడ్డకట్టే సమయం లెక్క తప్పితే పంపులోనే బిగుస్తుంది. బొగ్గుపులుసు వాయువైతే నీళ్లూ వాయువూ మార్చి మార్చి పంపుతారు, నీటి కట్టలు వాయువు పరుగును ఆపుతాయి.

ప్రశ్న: ఇక్కడ తాగడానికే లేదు, అక్కడ నీళ్లు భూమిలోకి పోస్తారా?
(రైతు, కళ్యాణదుర్గం)

జవాబు: పోసేది చాలామటుకు బావిలోంచి చమురుతోపాటు వచ్చిన ఉప్పునీరే. ముసలి బావిలో 95 శాతం నీరంటే ఒక పీపా చమురుకు 19 పీపాల నీళ్లు. దాన్ని పైన వదిలితే పొలాలు చౌడుబారతాయి, తిరిగి లోపలికి పంపడమే సరైన దారి. చాలనిచోట సముద్రపు నీరు, లేదా వాడకానికి పనికిరాని ఉప్పునీటి పొరలు. బార్మేర్‌లో తుంబ్లి ఉప్పునీటి పొర నుంచి తెచ్చుకున్నారు. తిరిగి పంపేముందు నూనె చుక్కలు, మట్టి వడకట్టాలి, ఉక్కు తుప్పు పట్టకుండా ఆక్సిజన్ తీసేయాలి, బ్యాక్టీరియాను చంపే మందు కలపాలి. ఆ మందు లేకపోతే సల్ఫేటు తినే బ్యాక్టీరియా పెరిగి కుళ్లు గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. అది ప్రాణాంతకం, ఉక్కునూ తింటుంది. పై పొరల మంచినీటికి కేసింగు చుట్టూ ఉండే సిమెంటే కాపు. పాత బావుల్లో ఆ సిమెంటు పగిలి ఉండొచ్చు కాబట్టి ఇంజెక్షన్‌కు ముందు ఒత్తిడి పెట్టి పరీక్షించకుండా వాడకూడదు.

ప్రశ్న: రాయలసీమలో చమురు పడుతుందా?
(పులివెందుల)

జవాబు: దేశంలోని 26 అవక్షేప బేసిన్ల (ఇసుక, మట్టి పొరలు పేరుకుని రాయిగా మారిన పల్లాల) జాబితాలో కడప బేసిన్ ఉంది. వాణిజ్య ఉత్పత్తి లేదు. ఇక్కడి రాళ్లలో ఎక్కువభాగం వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. అనంతపురం వైపు గ్రానైటు, గ్నీస్. మీ బోరులో నీటి మీద రంగులు తేలితే ముందు మోటారు ఆయిల్ సీలు చూడండి.

ప్రశ్న: గోరుచిక్కుడు జిగురు, బెల్లం మడ్డి కూడా చమురు బావుల్లో వాడతారట. నిజమేనా?
(నంద్యాల, గుత్తి)

జవాబు: రెండూ నిజం, పనులు వేరు. గోరుచిక్కుడు గింజ జిగురు ఎక్కువగా పోయేది రాయిని నీటి ఒత్తిడితో పగలగొట్టే పనికి. చిక్కటి జిగురు ఇసుకను పగులు లోపలి దాకా మోస్తుంది, తర్వాత ఎంజైముతో విరిగి పలచబడి వెనక్కి వచ్చేస్తుంది. ఏడాది పొడుగునా పొరలో నిలబడాల్సిన పాలిమర్‌గా అది పనికిరాదు, బ్యాక్టీరియా తినేస్తుంది. అమెరికా షేల్ బావుల గిరాకీతో 2012లో దీని ధర ఆకాశానికంటి, తర్వాత అంతే వేగంగా పడింది. ఆ ధరను నమ్ముకుని ఎకరాలు వేయొద్దు.

మడ్డిని సూక్ష్మజీవులకు మేతగా వాడతారు. మేతా, జీవులూ కలిపి బావిలోకి పంపి కొన్ని వారాలు మూసి ఉంచితే అవి వాయువులు, ఆమ్లాలు, సబ్బులాంటి పదార్థాలు తయారుచేసి బావి చుట్టుపక్కల పేరుకున్న మైనాన్ని, బరువు చమురును కదిలిస్తాయి. ఇంధన పరిశోధన సంస్థ టెరీ, ఓఎన్‌జీసీ కలిసి 90 డిగ్రీల దాకా తట్టుకునే రకాలను మన బావుల్లో వాడాయి. పని చేసేది ఆ ఒక్క బావి చుట్టూ కొద్ది మీటర్ల మేర. కొన్ని నెలలకు ఉత్పత్తి మళ్లీ పాత గీతకు దిగుతుంది, అప్పుడు మళ్లీ మేత వేయాలి.